రాతిపెట్టె మీద తలకట్టు

ఆ రాతిపెట్టెను మొదట తోమింది మా అమ్మే.

మా ప్రార్థన మందిరం వెనక బావి తవ్వుతుంటే పలుగుకు తగిలింది. మూర పొడుగు కూడా లేదు. పల్నాటి సున్నపురాయితో చేసింది. మూత రెండు ముక్కలైంది. లోపల మట్టి, ఆ మట్టిలో పుల్లల్లాంటి ఎముకలు. అమ్మ ఆ ఎముకల్ని తెల్లగుడ్డలో కట్టి మందిరంలో పెట్టింది. పెట్టెను మాత్రం బూడిద, కొబ్బరిపీచు వేసి తెల్లగా వచ్చేదాకా తోమింది.

పురావస్తువుల డాక్టర్ వారిజగారు విశాఖపట్నం నుంచి వచ్చి ఈ సంగతి విన్నప్పుడు నుదురు పట్టుకుని అరుగు మీద కూర్చుండిపోయారు.

"ఎన్నో వందల ఏళ్ళుగా ఆ గీతల్లో పేరుకున్న పొర అమ్మా అది! అదుంటే రాత పాతదో కొత్తదో ఒక్క పూటలో తేల్చేసేదాన్ని."

"మురికిని పొర అంటారని నాకేం తెలుసమ్మా," అంది అమ్మ. "దేవుడి కాడ దొరికిన వస్తువు. మట్టితో ఎట్టా ఉంచుతాం?"

పొర పోయింది కాబట్టి మా ఊరికి చేజాడ అనే యంత్రం వచ్చింది. చేజాడ వచ్చింది కాబట్టి నా చేతిరాత పోయింది. ఎలా పోయిందో వరుసగా చెబుతాను. మాట్లాడమంటే నాకు గొంతు రాదు. రాయడమైతే అలవాటే.

మా పల్లెలో కొద్ది ఇళ్ళవాళ్ళం యూదులం. మేము అలా అనుకుంటాం. శుక్రవారం పొద్దు వాలేలోపు పనులు ముగించి దీపాలు వెలిగిస్తాం. శనివారం పొలానికి వెళ్ళం. ఆ రోజు కూలి పోతుందని మిగతావాళ్ళు మమ్మల్ని ఎగతాళి చేస్తారు. మాది ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఒకటైన రూబేను వంశమని మా తాత ఓబద్యకు వాళ్ళమ్మ చెప్పింది. ఆమెకు ఆమె అత్త చెప్పిందట. అంతకు మించి మా దగ్గర రుజువేమీ లేదు. తాత చెప్పులు కుట్టే పని మానేశాక, నడివయసు దాటాక, ఒక పుస్తకం ముందు పెట్టుకుని హీబ్రూ అక్షరాలు తనంతట తానే నేర్చుకున్నాడు. తర్వాత మా పిల్లలందరికీ ఆయనే నేర్పాడు.

కాబట్టి పెట్టె మీది రాత మొదట చదివింది తాతే. రెండు వరుసలు. మొదటిది, "షాలోం, కూతురు." షాలోం అన్నది పిల్ల పేరు. రెండోది, "రూబేను ఇంటిది."

ఆ రెండో వరుస విన్న రోజు మా వాళ్ళు మందిరంలో గట్టిగా ఏడ్చారు. మార్తమ్మత్త అయితే పెట్టెను ముద్దు పెట్టుకుని, "ఇంక ఎవరన్నా మమ్మల్ని కొత్తగా పుట్టుకొచ్చారంటే ఈ రాయితోనే కొడతా," అంది.

*

పొగాకు ఆరబెట్టే పాడుబడ్డ బ్యారను ఒకటి ఊరి చివర ఉంది. చేజాడను అందులో పెట్టారు. అదేదో పెద్ద యంత్రమనుకున్నాం. కుట్టుమిషను కంటే కాస్త పెద్దది, అంతే. దాని నుంచి సన్నటి తీగలు ఒక చేతి తొడుగులోకి వెళ్ళాయి. రాతిలో గీసిన గాడిని వెలుగుతో చదివి, గీసినవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టారో, ఎక్కడ ఒత్తారో, ఎక్కడ ఆగారో అది పట్టుకుంటుంది. ఆ కదలికనంతా తొడుగులోకి పంపుతుంది. తొడుగు వేసుకున్నవాళ్ళ చెయ్యి, ఎప్పుడో పోయినవాళ్ళ చెయ్యిలా కదులుతుంది.

"యంత్రం చెయ్యి కదలడం వరకే చెబుతుంది," అన్నారు వారిజగారు. "ఆ చెయ్యి భయపడిందా, దొంగతనంగా గీసిందా, బాధలో గీసిందా, అది మనిషికే తెలుస్తుంది. అందుకే ఒక మనిషి కావాలి. చిన్న చెయ్యి కావాలి. రోజూ చేత్తో రాసే చెయ్యి కావాలి."

అక్కడే చిక్కొచ్చింది. వాళ్ళ బృందంలో ఎవరూ చేత్తో రాయరు. అంతా తెర మీదే. నేను రోజూ డైరీ రాస్తానని మా అమ్మ నోరు జారింది.

"దానికి పదో తరగతి పరీక్షలున్నయ్యి," అంది వెంటనే నాలిక్కరుచుకుని. "చెయ్యికేమన్నా అయితే?"

యంత్రం చూసే ఫణిగారు తలొంచుకున్నారు. తర్వాత జేబులోంచి బ్యాంకు కాగితం తీసి అమ్మకు చూపించారు. కింద ఆయన సంతకం గొలుసు తెగినట్టు మెలికలు తిరిగి ఉంది. ఒకసారి పాత గుడి శాసనం కోసం ఆయన ఆ తొడుగు వేసుకున్నారట. అప్పటి నుంచీ సంతకం కలవదు.

"బ్యాంకులో నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారండీ. ముందే చెప్పాలి కదా మీకు. ఆ చెయ్యి కొంత మన చేతిలో ఉండిపోతుంది. అందరికీ ఉంటుందని కాదు. నాకు ఉంది."

"వద్దులే అయితే," అంది అమ్మ.

నేను అమ్మ కొంగు పట్టుకుని లాగాను. పెట్టెకూ, నాకూ అప్పటికే ఒక సంబంధం ఏర్పడింది. ముందు రోజు వారిజగారు నన్ను గోడకు ఆనించి నిలబెట్టి, మోకాలి నుంచి నడుము దాకా టేపు పెట్టి కొలిచి, అదే టేపు పెట్టె మీద పరిచారు. పెట్టె చాలా పొట్టిది.

"ఆ కాలంలో చనిపోయినవాళ్ళను రాతిగదిలో పడుకోబెట్టేవాళ్ళు. ఏడాది గడిచాక ఇంటివాళ్ళే వెళ్ళి ఎముకలు ఏరి ఇలాంటి పెట్టెలో పెట్టేవాళ్ళు. అన్నిటికన్నా పొడుగైన ఎముక తొడఎముక. అది పట్టేంత పెట్టె చాలు," అన్నారావిడ. "నీకంటే చాలా చిన్న పిల్ల, కెజియా. ఏడెనిమిదేళ్ళుంటాయేమో."

ఆ పిల్ల ఎముకలు ఏరినవాళ్ళెవరో నాకు తెలుసుకోవాలనిపించింది. అమ్మకు ఆ మాట చెప్పలేక కొంగు లాగాను. అమ్మ నా మొహం చూసి, "సర్లే, నీ ఖర్మ," అంది.

*

తొడుగు చల్లగా, తడిబట్టలా ఉంది. ఫణిగారు మీట నొక్కారు.

మొదట ఏమీ లేదు. తర్వాత నా వేళ్ళు, అక్కడ లేని మేకునొకదాన్ని పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. అలవాటున్న పట్టు కాదు. అన్నం ముద్ద పట్టుకున్నట్టు అన్ని వేళ్ళతో పట్టుకుంది ఆ చెయ్యి. ఆడమనిషి చెయ్యి. రాయడం సరిగా రాదు. షీన్ అక్షరం మూడు కొమ్ములు ఒక్కొక్కటే గీసింది. గీసిన ప్రతిసారీ, పిల్ల తల దువ్వి చిక్కు తీసినట్టు, పైనుంచి కిందికి మెల్లగా వచ్చి చివర్లో కాస్త లాగింది.

షాలోం అన్న పేరు మధ్యలో చెయ్యి ఆగిపోయింది. అలాగే రాయికి ఆని ఉండిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలుపెట్టింది. కూతురు అనడానికి రాసిన పాతకాలపు మాట 'బెరత్'లో రేష్ అనే అక్షరం వస్తుంది. పైగీత, కాలు, లేవకుండా ఒక్క గీతలో గీసింది. ఆ మాట చివరి అక్షరం కూడా పూర్తయింది. కానీ చెయ్యి లేవలేదు. ఆ చివరి గీతనే మళ్ళీ గీసింది. మళ్ళీ గీసింది. అక్షరం ఎప్పుడో అయిపోయింది. చెయ్యి తీస్తే ఇక ఆ పిల్లకు చేయాల్సింది ఏమీ మిగలదు, అందుకే.

తొడుగు తీసేసరికి నా బుగ్గలు తడిసి ఉన్నాయి.

"అమ్మ," అన్నాను. "వాళ్ళ అమ్మ రాసింది."

వారిజగారు నా భుజం మీద చెయ్యి వేశారు.

మరుసటి రోజు బడిలో లెక్కల మాస్టారు నా పుస్తకం ఎత్తి చూసి, "ఏమ్మా కెజియా, ఇది నీ రాతేనా? ఎడంచేత్తో రాశావా?" అన్నారు. చూస్తే అంకెలన్నీ చివర్లో కిందికి లాగి ఉన్నాయి. రెండు అక్షరాలు రాయగానే చెయ్యి దానంతటదే ఆగుతోంది. ఆగిన చోట కాగితం మీద సిరా బొట్టు పడుతోంది. క్లాసులో నవ్వారు. నాకు సిగ్గేసింది గానీ కోపం రాలేదు. ఆమె ఆగిన చోటే నేనూ ఆగుతున్నాను.

అమ్మ మాత్రం ఆ పుస్తకం చూసి అన్నం తినలేదు.

*

రెండో వరుస కూడా నేనే చూడాల్సి వచ్చింది. పోల్చాలంటే రెండిటికీ ఒకే చెయ్యి కావాలన్నారు.

ఈసారి చెయ్యి గట్టిది. మేకు కాదు, సన్నటి మొనదేదో, పిడి ఉన్నది పట్టుకుంది. మొనను తోలులోకి దించినట్టు రాతిలోకి దించింది. రూబేను అన్న పేరు మొదట్లో రేష్ ఉంది. చెయ్యి కింద మొదలై పైకి వెళ్ళింది. ముందు కాలు. తర్వాత లేచింది. ఒక్క క్షణం గాలిలో ఆగింది. ఆపైన టక్కున వచ్చి నెత్తి మీద గీత పెట్టింది. పెట్టి, చివర్లో కుడివైపుకి చిన్నగా ఎగరేసింది.

తొడుగులో ఉన్న నా చూపుడువేలి వంక చూశాను.

నాకు నాలుగేళ్ళప్పుడు తాత ఒడిలో కూర్చోబెట్టుకుని, బియ్యం పోసిన పళ్ళెంలో నా వేలు పట్టుకుని రాయించేవాడు. ముందు తెలుగు, తర్వాత హీబ్రూ. క రాయాలంటే ముందు కింది భాగం, చివర్న తలకట్టు. రేషుకూ అంతే. కాలు గీయించి, నా వేలు పైకెత్తి, గాలిలో ఒక్క క్షణం ఆపి, "ఇప్పుడు టోపీ పెట్టు!" అని టక్కున పెట్టించేవాడు. ఆ ఆగడం, ఆ ఎగరేయడం నా వేలికి తెలుసు. నాకంటే ముందే నా వేలు గుర్తుపట్టింది.

"ఏమైంది? వేరే చెయ్యేనా?" అని వారిజగారు అడిగారు.

"వేరేదే," అన్నాను.

"నేననుకున్నదే!" ఆవిడ తెర దగ్గరికి పరుగెత్తారు. "చూశావా ఫణీ? కాలు ముందు, పైగీత తర్వాత. ఇలా రాసిన రేష్ నేనెక్కడా చూడలేదు. మొదటి వరుస తల్లిది, రెండోది తండ్రిది. ఆ తండ్రి ఇక్కడే పుట్టి పెరిగినవాడు! ఇక్కడి రాత అలవాటున్నవాడు. ఆంధ్ర తీరపు యూదులకు సొంత రాత ఒకటి ఉండేదన్నమాట!"

ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోయింది. చెయ్యి నొప్పిగా ఉందని చెప్పి వచ్చేశాను.

*

తాత పెరట్లో మిరపకాయలకు తొడిమలు తీస్తున్నాడు. నేను పక్కన కూర్చుని నాలుగు కాయలు తీసుకున్నాను.

"తాతా."

"చెప్పవే."

"రేషుకు టోపీ చివర్నేగా మనం పెట్టేది?"

"ఆ. అట్టాగేగా నేర్పింది."

"పాతకాలం వాళ్ళు ముందే పెడతారు. పెట్టెలో పిల్ల వాళ్ళమ్మ ముందే పెట్టింది. పైగీత, కాలు, ఒకటే గీత."

తాత చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. తర్వాత దాని తొడిమ తుంచాడు.

"నాకు నేర్పేవాళ్ళెవరున్నారే? పుస్తకంలో అక్షరం ఉంటది గానీ, దాన్ని యాడ మొదలుపెట్టాలో ఉండదుగా. మన క ఎట్టా రాస్తామో అట్టాగే రాసుకున్నా."

"పెట్టె మీద దేంతో గీశావు?"

"ఆరెతో." చెప్పులు కుట్టేటప్పుడు తోలుకు తూట్లు పొడిచే ఆరె అది. ఇప్పటికీ చూరులో గుచ్చి ఉంటుంది. ఇద్దరం దాని వంక చూడలేదు.

"ఎందుకు తాతా?"

"అప్పుడు నువ్వు చిన్నదానివి. పై దేశం నుంచి మనోళ్ళ పెద్దలొచ్చారు, మనం యూదులమా కాదా తేలుద్దామని. మీరు రూబేను వంశమని ఎవరు చెప్పారని అడిగారు. మా అమ్మ చెప్పిందన్నా. వాళ్ళలో ఒకాయన నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. పసిపిల్లోడు ఏదో అంటే నవ్వుతామే, అట్టా." తాత అరచేత్తో గుండె మీద రాసుకున్నాడు. "అది ఈడ దిగబడిపోయింది. మీ అమ్మ పెట్టెను తోమిన రాత్రే, ఎవరూ చదవకముందు, ఆ పిల్ల పేరు చదివా. ఇంత నిజం వచ్చింది గదా, ఇంకొక్క ముక్క ఉంటే చాలు గదా అనిపించింది. నేను లేనిది రాయలేదే. మా అమ్మ చెప్పిందే రాశా."

"వారిజగారు నీ రాతకు పేరు పెడుతున్నారు. ఆంధ్ర తీరపు యూదుల రాత అని. పుస్తకాల్లోకి ఎక్కుతుందంట."

"నా రాతా?" తాతకు నవ్వొచ్చింది. సగంలోనే ఆ నవ్వు ఆరిపోయింది.

నేను అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు మాట్లాడాను. "ఎప్పటికైనా ఎవరో ఒకరు కనిపెడతారు తాతా. అప్పుడు కింది వరుస ఒక్కటే దొంగదని అనరు. మొత్తం దొంగదే అంటారు. అమ్మ తోమేసింది కాబట్టి పైవరుసకు వేరే సాక్ష్యం లేదు. ఆ పిల్లే లేదంటారు. వాళ్ళమ్మ ఏడవనే లేదంటారు."

తాత నా కుడిచేతిని తన చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఏడ్చిందా?"

"చివరి గీత దగ్గర చెయ్యి తీయలేకపోయింది."

మిరపకాయ ఘాటుకో దేనికో ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "శనివారం అందరూ ఉంటారు. నేను చెప్తాలే. నువ్వు నలుగుర్లో నోరు తెరవ్వుగా."

*

శనివారం పొద్దు గుంకాక మందిరంలో అందరూ ఉన్నారు. వారిజగారు ముందు నిలబడి పెట్టె గురించి చెప్పారు. రూబేను ఇంటి రాత గురించి చెబుతుంటే మా వాళ్ళు ఊపిరి బిగబట్టి విన్నారు. మార్తమ్మత్త కొంగుతో కళ్ళొత్తుకుంది.

తాత లేచాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. పక్కనున్న బల్ల పట్టుకుని, తన తల్లి చెప్పిన కథ విని అంతకాలం తలెత్తుకు తిరిగిన ఆ జనాన్ని చూస్తూ అలాగే నిలబడ్డాడు.

నేను లేచాను. పిల్లలకు పాఠం చెప్పే నల్లబల్ల దగ్గరికి వెళ్ళి సుద్దముక్క తీసుకున్నాను. ముందు ఆ తల్లి రాసినట్టు, ఒక్క గీతలో, రేష్ రాశాను. దాని పక్కన కింది నుంచి పైకి కాలు గీశాను. చెయ్యి గాలిలో ఆపాను. తర్వాత ఏం చెప్పాలో తెలియక అలాగే ఆగిపోయాను.

వెనక నుంచి చిన్నపిల్లలందరూ అలవాటు కొద్దీ ఒక్క గొంతుతో అరిచారు. "టోపీ పెట్టు!"

నేను పెట్టాను.

వారిజగారి చేతిలోని కాగితాలు కిందికి వాలాయి. ఆవిడ నల్లబల్ల వంక చూశారు, పిల్లల వంక చూశారు, చివరికి తాత వంక చూశారు.

"ఆ టోపీ నేను పెట్టిందేనమ్మా," అన్నాడు తాత. గొంతు ఇప్పుడు వచ్చింది. "పైవరుసకు నేను చెయ్యి తగలనియ్యలేదు. అది ఆ తల్లిది. దాన్ని కొట్టెయ్యమాకండి."

పిల్లలు తప్పేదో చేశామనుకుని ఒకరి వెనక ఒకరు నక్కారు. మార్తమ్మత్త లేచి, "పెద్దయ్యా, ఎంత పని చేశావు," అని బయటికి వెళ్ళిపోయింది. ఆమె వెంట చాలామంది వెళ్ళారు.

వారిజగారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. ఆవిడకు కోపం వచ్చింది. తాతతో ఆ రోజు మాట్లాడలేదు. వెళ్ళేముందు మాత్రం నన్ను బ్యారను దగ్గరికి పిలిపించారు.

"నువ్వు చెప్పకపోతే నేను ప్రపంచమంతా తిరిగి మీ తాతగారి తలకట్టు గురించి ఉపన్యాసాలిచ్చేదాన్ని," అన్నారు. నవ్వబోయి మానేశారు. "ఉన్నదున్నట్టు రాస్తాను కెజియా. కింది వరుస ఈ ఊరి గురువు రాసింది. పైవరుస వేరే చేతిది, పాతకాలం వాళ్ళు గీసే పద్ధతిలోనే ఉంది, అది పాతది. చాలా కాలం కిందట ఒక యూదు తల్లి ఈ నేల మీద తన కూతుర్ని పెట్టెలో దాచుకుంది. అది చిన్న సంగతి కాదు. ఓడలో వచ్చి ఎవరో సరుకు అమ్ముకుని వెళ్ళారని అనుకునేవాళ్ళం. ఇల్లు కట్టుకుని, పిల్లల్ని కని, పోగొట్టుకుని, ఏడాది ఆగి ఎముకలు ఏరుకునేంత కాలం ఉన్నారన్నమాట. ఆ తర్వాత ఆమె ఏమైందో, మీకు ఏం చుట్టమవుతుందో, పెట్టె చెప్పదు."

పెట్టె, ఎముకలు విశాఖపట్నం వెళ్ళాయి. అక్కడ వాటి మీద పరీక్షలన్నీ అయ్యాక ఎముకలు మాకే ఇచ్చారు. మందిరం వెనక పూడ్చాం. ఆ రోజు మార్తమ్మత్త కూడా వచ్చింది. తాతతో మాట్లాడలేదు గానీ, పూడ్చిన చోట నీళ్ళు చల్లి, "పిల్లదేం చేసింది పాపం," అంది.

*

నా రాత తిరిగి రాలేదు. పదో తరగతి పరీక్షల్లో టైము చాలలేదు. అమ్మ ఇంకా అప్పుడప్పుడు నా చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూస్తుంది. డైరీలో పాత పేజీలు తిప్పితే ఆ గుండ్రటి అక్షరాలు ఎవరో వేరే అమ్మాయివిలా ఉంటాయి. ఆ అమ్మాయి మీద నాకు కొంచెం బెంగగా ఉంటుంది.

తాత పిల్లలకు పాఠాలు మానేశాడు. ఒకరోజు ఆయన పళ్ళెంలో బియ్యం పోసుకుని ఒక్కడే కూర్చుని ఉండటం చూశాను. రేష్ రాస్తున్నాడు. పైగీత ముందు గీయాలని వేలు పైన పెడుతున్నాడు. కానీ వేలు దానంతటదే కిందికి జారి కాలుతో మొదలవుతోంది. బియ్యం చెరిపేసి మళ్ళీ మొదలుపెడుతున్నాడు.

"ఇన్నేళ్ళ అలవాటే," అన్నాడు నన్ను చూసి. "మొండి వేలు."

నేను ఆయన వెనక కూర్చుని, భుజం మీదుగా చెయ్యి చాపి, ఆయన చూపుడువేలు పట్టుకున్నాను. నేను రాయించబోలేదు. చెయ్యిని వదిలేశానంతే. అది షీన్‌తో మొదలుపెట్టింది. పైనుంచి కిందికి, చిక్కు తీసినట్టు. పేరు మధ్యలో ఆగింది. తాత కూడా ఆగాడు. తర్వాత ఇద్దరం కలిసి కూతురు అని రాశాం. రేష్ దగ్గర పైగీత ముందు వచ్చింది, లేవకుండా కాలులోకి దిగింది. చివరి గీతను ఆ చెయ్యి మళ్ళీ గీసింది, మళ్ళీ గీసింది.

తాత వేలు దాంతో పాటే వెళ్ళింది. కాసేపటికి ఆయన మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు నాకు నేర్పేది నువ్వా, ఆ తల్లా?"

బియ్యంలో గీత లోతుగా పడి, పళ్ళెం అడుగు కనిపిస్తోంది.